కర్ర మీది బరువు

రెండు ఎపాక్సీ ముద్దలను కలిపి పిసికేటప్పటి ఘాటు వాసన ముక్కుకు తగిలితే చాలు, నా చేయి ఇప్పటికీ తనంతట తానే నీళ్ల గిన్నె వైపు పోతుంది. వేలు తడపకుండా ముద్దను ముట్టుకుంటే సుగుణ టీచర్ ఊరుకునేది కాదు. కోదాడలో డ్రాయింగ్ టీచరుగా రిటైరైన ఆమె, కారే పైపులకు అంటించే ఆ ముద్దతోనే జానెడు మనుషుల్ని చేసేది. మిర్యాలగూడ నుంచి బస్సెక్కి పోయి నేర్చుకున్నాను. అప్పటికే నా తల నెరిసింది.

నాకు కావలసింది ఒక్క బొమ్మ, మా అయ్యది. మాడుగులపల్లి చుట్టూ గొర్లు కాసి, నా చిన్నప్పుడే పోయాడు. ఫోటో లేదు. ఆయన్ను ఎరిగినవాళ్లలో మిగిలింది నేనూ, చిలుకూరులో ఉండే మా అక్కా. అక్క గుర్తుపడితేనే అది అయ్య బొమ్మ. బస్టాండు బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్న నాకు ఒకటే మంట: సూర్యాపేట పోయినా, మిర్యాలగూడ పోయినా చౌరస్తా నిండా పెద్దోళ్ల విగ్రహాలే. గొర్లకాపరికి ఒక్కటైనా ఉందా?

ఆ కోపంతోనే తీగ వంచి, ముద్ద పొదిగి, భుజాన గొంగడి వేసి, ఛాతీ విరిచి, వేలు చాపి నిలబెట్టాను. టీచర్ కళ్లద్దాలు పైకి నెట్టి చూసింది.

"మల్లయ్యా, మీ నాయన ఓట్లడుగుతున్నాడా?"

"నవ్వకుర్రి టీచరమ్మా. పెద్దోళ్లే నిలబడాల్నా గిట్ల? మా అయ్య నిలబడొద్దా?"

"నిలబడాలయ్యా. మంద కాడ ఎట్లా నిలబడేవాడో లేచి చూపించు."

రోషంగా లేచి, మూలనున్న బూజుకర్ర అందుకున్నాను. దాన్ని చంకకు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం మోకాలికి ఆన్చాను. నడుము పీకింది.

"కదలకు. బరువెక్కడుంది?"

"కర్ర మీద."

"ముందు అది పెట్టు. మొహం సంగతి తర్వాత."

పాత బొమ్మను పగలగొట్టబోతే ఆపింది. "ఉండనీ, గెలుస్తాడేమో!"

కర్ర మీద బరువుతో చేసిన కొత్త బొమ్మను, అది ఎవరిదో చెప్పకుండా, చూపు మందగించిన అక్క చేతిలో పెట్టాను. కర్రను తడిమింది. మోకాలికి ఆనిన పాదాన్ని తడిమింది.

"గొర్లేడున్నయిర తమ్మీ? అయ్య గిట్ల నిలబడ్డడంటె మంద దగ్గర్నే మేస్తుంటది."

టీచర్ ఇప్పుడు లేదు. విగ్రహాలను చూస్తే నాకు మంట తగ్గలేదు. తగ్గించుకోమని ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఇవాళ మళ్లీ ముద్ద కలిపాను. అక్క అడిగిన గొర్లను చేస్తున్నాను. వేలు తడుపుకొని, తల వంచి మేసే గొర్రె ఏ కాలి మీద బరువు వేస్తుందో ముందుగా గుర్తు తెచ్చుకుంటాను.