రెండు గాజుల లూజు

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్ప ముందు కూర్చుంటే, వాన చెమ్మ పట్టిన కాగితం వాసనకు నాకు అమ్మ చేతులు గుర్తొస్తాయి. మొన్న ఆదివారం అక్కడొక ఇంగ్లీషు గైడు తెరిచాను. సరైన పదం ఎంచి ఖాళీ పూరించమంటూ అవే పాత ప్రశ్నలు.

నా చిన్నప్పుడు అమ్మ నాంపల్లిలో ఒక ఆఫీసులో టెంపరరీ టైపిస్టు. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితేనే ఉద్యోగం నిలుస్తుంది, లేకుంటే ఇంటికే. సీతాఫలాల కాలం అది. మొజంజాహీ మార్కెట్ నుంచి తెచ్చిన కాయలు బియ్యంలో మగ్గుతూ ఇల్లంతా తియ్యటి వాసన నింపుతుంటే, మేమిద్దరం వంటింటి గడప దగ్గర గైడు ముందేసుకుని కూర్చునేవాళ్లం. "అడ్వైస్ స్పెల్లింగ్‌ల, సలహా అనే చీజైతే సీ, సలహా ఇచ్చుడైతే ఎస్," అంటూ అమ్మ తనకు తానే సూత్రాలు కట్టుకునేది.

"బిడ్డకు సదువు జెప్పే యాళ్ల నువ్వే సదువుకుంటున్నవా?" అని నాయినమ్మ దెప్పేది.

"మరి మీరు జెప్తరా అత్తమ్మా?"

నాయినమ్మ ఆకు నములుతూ నవ్వు దాచుకునేది.

లూజ్ దగ్గరే అమ్మ తడబడేది. జాకెట్టు వదులైనా లూజే, వస్తువు పోగొట్టుకున్నా లూజే. మా నోట రెండూ ఒకటే, స్పెల్లింగులోనే ఒక్క 'ఓ' తేడా. ఒకరోజు చేతికున్న బంగారు గాజుల జత చూసుకుని ఎగిరి గంతేసినంత పనిచేసింది. "గివి ఇంగ్లీషు 'ఓ'లే గద బిడ్డా! రెండుంటే వదులు. ఒకటి పోయిందా, పోగొట్టుకున్నట్టు!"

పరీక్షలో ఆ పదమే వచ్చిందట. గాజులు తడుముకుని రాసిందట. ఉద్యోగం నిలిచిన రోజు నాకు మార్కెట్లో సీతాఫలం ఐస్‌క్రీం తినిపించి, తను కప్పు అంచు మాత్రం నాకింది.

నేను కాలేజీలో చేరేనాటికి అమ్మకు జబ్బు చేసింది. చేతులు సన్నబడి, గాజులు మోచేతి దాకా జారేవి. దవాఖానలో ఒకటి ఎక్కడో జారిపోయింది. నేను మంచం కింద దూరి వెతుకుతుంటే, "ఫికర్ చెయ్యకు. స్పెల్లింగ్ మారింది, గంతే," అంది. నవ్వబోయాను, రాలేదు. ఆ చలికాలం దాటకుండానే అమ్మ పోయింది.

నాయినమ్మా లేదు, ఆ గడపా లేదు. తప్పులు ఇప్పుడు ఫోనే దిద్దేస్తుంది, సూత్రాలతో పనిలేదు. అయినా మొన్న గైడులో 'పోగొట్టుకొను' అని పూరించాల్సిన ఖాళీ దగ్గర నా వేళ్లు చేతికున్న అమ్మ ఒంటి గాజును తడిమాయి. ఒకటే 'ఓ'. జవాబు సరైనదే.