పెద్దత్త నాలుక మీద పుండు

మా పెద్దత్త నోరు మంచిది కాదని వీధి వీధంతా అంటుంది. నేనూ అంటాను. కానీ ఆ నోరు పనిచెయ్యని రోజు చూసుకుని ఆమె చేతిలో కత్తెర లాక్కున్నారు. అది మాత్రం నేను మర్చిపోను.

ఇంటి ముందుగదే కుట్టుకొట్టు. పెద్దత్త బట్ట కత్తిరించేది, చిన్నత్త మిషను మీద కుట్టేది, మా అమ్మమ్మ బొత్తాలు ఏరుతూ ఇద్దరు కోడళ్ల మీదా పెత్తనం చేసేది. కుట్టుకొట్టులో కత్తెర పట్టినదే యజమానురాలు. ఆ కత్తెర మీద చిన్నత్తకు ఎప్పట్నుంచో కన్ను.

ఒక చలికాలం పెద్దత్త నాలుక పక్కన పుండు లేచింది. మంచినీళ్లు మింగినా మంటే. వేడి చేసిందన్నారు, తేనె రాశారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ అక్కడే లేచేది. సరిగ్గా అప్పుడే ఒకాయన, కోటు చేతులు పొట్టివయ్యాయని కొట్టు మీదికొచ్చాడు. పెద్దత్త బాధతో పడుకున్న పూట చిన్నత్త కత్తిరించిన కోటు అది.

"కత్తిరింపు మా అక్కదండీ" అంది చిన్నత్త, కళ్లైనా ఆర్పకుండా.

పెద్దత్త నోరు తెరిచింది. మాట రాలేదు, చొంగ కారింది. మౌనం అర్ధాంగీకారమైపోయింది. కొత్త కోటు ఊరికే కుట్టిస్తామని అమ్మమ్మ ఆయనకు మాటిచ్చి, కత్తెర చిన్నకోడలి చేతిలో పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడే పెద్దత్తను పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"విటమిన్లు తక్కువైనా, నిద్ర చాలకపోయినా పుళ్లొస్తాయమ్మా. మీకు మాత్రం ఎప్పుడూ ఒకే చోట. దారం కొరుకుతారా?"

పెద్దత్త తలూపింది. కొరికి కొరికి కోరపన్ను అంచు విరిగి, మాట్లాడినప్పుడల్లా నాలుకను కోస్తోందట. డాక్టరమ్మ అంచు అరగదీసి, పైపూత మందిచ్చింది. "ఉప్పునీళ్లు పుక్కిలించండి, కారం వద్దు, దారం అసలు కొరకొద్దు. రెండు మూడు వారాల్లో మానకపోతే మాత్రం అశ్రద్ధ చెయ్యకుండా రండి."

"తొందరగా మానాలే" అంది పెద్దత్త దారిలో, ముద్దముద్దగా. "దాంతో పనుంది."

అంత బుద్ధిగా మందు వాడిన మనిషిని నేను చూడలేదు. చిన్నత్త వైపే చూస్తూ పుక్కిలించేది, చిన్నత్త వైపే చూస్తూ ఉమ్మేది.

పుండు మానింది. కోటాయన కొలతలివ్వడానికి వచ్చాడు. పెద్దత్త పక్కనే నిలబడి, "కత్తిరించమ్మా, చూస్తాం" అంది తీయగా. చిన్నత్త సుద్దతో గీసింది. ఆ గీతలో తప్పు పెద్దత్త కంట్లో పడింది. ఆపమనొచ్చు. అనలేదు. కత్తెర చివరిదాకా నడిచాకే టేపు పరిచింది.

"కొలతకు సరిగ్గా కోసింది. కుట్టుకీ మడతకీ బట్టేదీ? పోయినసారి కోటు కూడా ఇలాగే కోసింది. చేతులు పొట్టివి కాక పొడుగవుతాయా?"

కోటాయన చిన్నత్త వంక చూశాడు. చిన్నత్త తల దించుకుంది. అమ్మమ్మ కత్తెర తీసి పెద్దత్త ముందు పెట్టింది.

"బట్ట పాడవకముందే చెప్పచ్చుగా అక్కా!" అంది చిన్నత్త ఏడుపుగొంతుతో.

"నోట్లో పుండుందనుకో" అంది పెద్దత్త, కత్తెర అందుకుంటూ.