రెండు తెల్ల రాళ్ల మధ్య

నరసరావుపేట తుపాకుల కొట్టు అన్నయ్య పోయారు. శుక్రవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి, "అత్తా, నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు" అంది. ఆయన నాకు తోబుట్టువు కారు, మా మతమూ కాదు. అయినా పాతికేళ్లు నన్ను చెల్లెమ్మా అనే పిలిచారు. ఒక రైఫిల్ నాకు అమ్మనని ఆయన మొండికేసిన రోజున మొదలైంది ఆ పిలుపు.

మా వారు చనిపోయిన ఏడాది మాచర్ల దగ్గర కొండ కింద ఉన్న మా మొక్కజొన్న చేను నా చేతికొచ్చింది. దానితోపాటు అడవి పందులూ వచ్చాయి. రెండు పంటలు నేలమట్టం చేశాయి. మూడోదీ పోతే చేను కౌలుకిచ్చేయాలని మా మరిది అప్పటికే మనిషిని చూసిపెట్టాడు. నా చేను ఇంకొకరు దున్నుతుంటే గట్టు మీద నిలబడి చూసే ఓపిక నాకు లేదు. లైసెన్సు, అటవీ శాఖ అనుమతి చేతబట్టుకుని కొట్టుకి వెళ్లాను.

"పాయింట్ మూడు పదిహేను బోరు రైఫిల్ చూపించండి" అన్నాను. పక్క ఊరి పెద్ద రైతు ఇంట్లో అదే ఉండేది. అంతకు తక్కువది నాకెందుకని నా పట్టుదల.

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అడిగారు. "దేన్ని కొట్టాలి? ఎంత దూరంలో ఉంటుంది? దాని వెనక ఏముంది?"

మొదటి రెండింటికీ ఠక్కున చెప్పాను. మూడోదానికి, "వెనక ఏముంటే ఏం? నా గురి తప్పదు. కాలేజీలో, ఎన్.సి.సి.లో రైఫిల్ కాల్చినదాన్ని" అన్నాను.

"అక్కడ వెనక గుండు ఆపే మట్టి కట్ట సర్కారు పోయించింది చెల్లెమ్మా. మీ చేలో ఎవరు పోయించారు?"

ఆదివారం ఆయనే బస్సెక్కి చేనుకి వచ్చారు. మంచె ఎక్కి, దిగి, చేనంతా నడిచారు. చేను కొసన కొండ వాలు నిటారుగా లేచిన చోట ఆగారు. తర్వాత కుడివైపు వెళ్లి, తండా నుంచి మిరప చేలకు పోయే బాట చూశారు.

"రైఫిల్ గుండు పందిలోంచి దూసుకుపోయి కూడా చానా దూరం పోతుంది. మీ మంచె నుంచి పంది నలభై అడుగుల్లోనే వస్తోంది. పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ చాలు, పెద్ద గుండ్ల తూటాలు వాడండి. పాతదొకటి ఉంది, రైఫిల్ ధరలో సగం కూడా కాదు."

"చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"పందులా? వాటికి మీ హోదా తెలీదు లెండి."

వెళ్లేముందు రెండు రాళ్లు దొర్లించి, కొండ వాలుకి అటొకటి ఇటొకటి పెట్టించి సున్నం కొట్టించారు. "కాలిస్తే ఈ రెండింటి మధ్యనే. వీటికి అవతల పులొచ్చినా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు."

ఆ తర్వాత పేట వెళ్లినప్పుడల్లా కొట్టులో కాసేపు కూర్చునేదాన్ని. ఆయన బేరాలు చూడ్డం నాకు సరదా. పోటీలకి ఎయిర్ రైఫిల్ కొనాలని ఒకమ్మాయి తండ్రితో వస్తే, ఖరీదైనది పక్కన పెట్టి మామూలుది ఇచ్చారు. "మిగిలిన డబ్బుకి ఛర్రాలు కొనుక్కో తల్లీ. గురి నేర్పేది ఆ సీసపు గుళ్లే, తుపాకీ కాదు" అన్నారు. బ్యాంకు గార్డు వస్తే, తుపాకీ కుదురుగా ఆనాలని ముందు భుజం కొలిచేవారు. పెళ్లి ఊరేగింపులో పట్టుకోవడానికి రైఫిల్ కావాలని వచ్చిన కుర్రాడితో, "ఫొటో స్టూడియోకి పోరా అబ్బాయ్, చెక్కది ఇస్తారు, బరువు కూడా తక్కువ" అన్నారు.

మూడో పంట కంకి గట్టిపడే రోజులు. ఒక సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, మంచె మీద ఉన్నాను. పెద్ద పంది. కుడి రాయికి నాలుగడుగులు అవతల, పక్కకి తిరిగి నిలబడి కంకులు నములుతోంది. అంత సులువైన గురి నాకు మళ్లీ దొరకలేదు. నా పంట, నా కళ్ల ముందే. తుపాకీ భుజానికి ఆనించాను. రాయి తెల్లగా కనిపించింది. పళ్లు బిగించి తుపాకీ దించేశాను.

అప్పుడు పంది వెనక, బాట మీద నుంచి మాటలు వినిపించాయి.

"ఏమే, పందులున్నట్టున్నాయి, గట్టిగా మాట్లాడు!"

"నీ గొంతు చాల్లే, అవి గుంటూరు దాకా పోతాయి!"

మిరపకోత ముగించుకుని ఇద్దరు ఆడవాళ్లు తండాకి పోతున్నారు. పంది పారిపోయింది. తుపాకీలోంచి తూటాలు రెండూ తీసేశాను.

మర్నాడే పేట వెళ్లి చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు. "తూటాలు ఎన్ని వాడారు?"

"ఒక్కటీ లేదు."

"అయితే సరైన సరుకే అమ్మాను" అని టీ చెప్పారు.

ఆ పంట దక్కింది. తర్వాతి వారాల్లో రాళ్ల మధ్యకి వచ్చిన మూడు పందుల్ని కొట్టాను. మిగతావి చప్పుడుకి దారి మార్చుకున్నాయి. చేను ఇప్పటికీ నాదే. మా మరిది కౌలు మాట మళ్లీ ఎత్తలేదు.

నిన్న సున్నం తడిపి నేనే చేనుకి వెళ్లాను. కూలివాణ్ణి పంపుదామంది మనవరాలు, నేను ఒప్పుకోలేదు. రెండు రాళ్లకీ రెండేసి పూతలు వేశాను. పొద్దు వాలుతుంటే బాట మీద కోతకూలీలు గట్టిగా కబుర్లాడుకుంటూ వెళ్లారు. ఇంకా ఆరని సున్నం నుంచి ఒక చుక్క జారి కుడి రాయి కింద నేల మీద పడింది.