ఇరవై ఏడుకు మూడు రోజులు తక్కువ

నా పెద్దకూతురు ఇరవై నాలుగు రోజులు బతికింది. ఆ ఇరవై నాలుగు రోజులూ అదీ నేనూ ఒకే ఇంట్లో ఉన్నాం. మధ్యన ఒక చెక్క తలుపు. అయినా దాని మొహం నేను చూడలేదు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెప్తే, "అదేంది తాతా, తలుపు తీస్తే పోయేదానికి?" అంటారు. తీస్తే పోయేదే. తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో చెప్తాను, తిట్టుకుంటే తిట్టుకోండి. నన్ను నేను తిట్టుకున్నంతగా మీరు తిట్టలేరు.

అప్పుడు నేను కాలవ లాకు కాడ లస్కరుని, గేట్లు తీసి మూసే పని. అణాలు పోయి కొత్త పైసలు వచ్చి నాలుగైదేళ్ళు అయ్యుంటుంది. మైపాడుకు దక్షిణంగా, సముద్రం హోరు వినపడేంత దూరంలో బకింగ్‌హాం కాలవ పోతుంది. ఇప్పుడంటే పూడిపోయి తుమ్మచెట్లు మొలిచినాయిగానీ, ఆ రోజుల్లో మద్రాసుకు సరుగుడు కట్టెలు, ఉప్పు, సున్నపు గుల్ల అన్నీ దాని మీదే పోయేవి. సముద్రం పోటుకు నీళ్ళు ఎక్కుతాయి, పాటుకు దిగుతాయి, అందుకని లాకు. పడవ వచ్చి రెండు గేట్ల మధ్య తొట్టిలో ఆగుతుంది. నేను షట్టరు తిప్పి, నీళ్ళు సమమైనాక అవతలి గేటు తీస్తాను. పావుగంట పని. పడవోళ్ళు దూరాన్నించే బూర ఊదుతారు. అది వినపడితే అన్నం ముందర్నించి అయినా లేవాల్సిందే. ఇద్దరం ఉండాల్సిన చోట నేనొక్కణ్ణే. రెండో ఆయన కాలు విరిగి ఊరికి పోయినాడు, ఆయన బదులు ఎవర్నీ పంపలేదు.

లాకు పక్కనే మాకు సర్కారు ఇల్లు. రెండు గదులు, ఒక వసారా. ముందు గదిలో మా అమ్మ. కాళ్ళు వాచిపోయి, ఆయాసం ఎక్కువై, పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునే నిద్రపోయేది. లోపలి గదిలో నా భార్య. ఆమెకు తల్లి లేదు, పుట్టింట్లో చేసే దిక్కు లేదు, అందుకని పురుడు మా ఇంట్లోనే.

పొద్దున పది గంటలప్పుడు పుట్టింది. "ఆడపిల్ల, మహాలక్ష్మి" అని మంత్రసాని లోపల్నించి కేకేసింది. చేతిలో ఉన్న తాడు అట్టే పారేసి ఉరికినాను. మా అమ్మ, నాలుగడుగులు వెయ్యలేని మనిషి, ఎట్టా లేచిందో లేచి తలుపుకు అడ్డం నిలబడింది.

"ఆగరా అబ్బయా. ముందు పంతులు గారి కాడికి పోయి నక్షత్రం కనుక్కో. ఆ తర్వాతే లోపలికి."

కాలవ గట్టు వెంబడి రెండు మైళ్ళు నడిచి పోయినాను. పంతులు గారు పంచాంగం తిప్పి, వేళ్ళు లెక్కబెట్టి, నా మొహం చూసి నిదానంగా చెప్పినారు. "మూల, మొదటి పాదం నాయనా. తండ్రికి గండం. ఇరవై ఏడో రోజు మళ్ళీ అదే నక్షత్రం వస్తుంది. ఆ రోజు నేనొచ్చి శాంతి చేయిస్తాను. కంచు గిన్నెలో నూనె పోసి ముందు ఆ నూనెలో బిడ్డ నీడ చూడు, ఆ తర్వాత మొహం చూడు. అందాకా ఆ గదిలోకి పోవద్దు."

ఇట్టాంటివి నేను లెక్కచేసే మనిషిని కాదు. కానీ నాదీ మూలే, మొదటి పాదమే. నేను పుట్టిన రోజున మా నాయన మడి నుంచి బురద కాళ్ళతో వచ్చి, ఎవరు వద్దంటున్నా వినకుండా, నవ్వుతా నన్ను ఎత్తుకున్నాడంట. నెల తిరక్క ముందే వాంతిబేదులతో పోయినాడు. మా మేనత్త నాకు పెట్టిన పేరు తండ్రిని మింగినోడు. పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో, బంతిలో కూర్చున్న నన్ను పక్కోళ్ళకు చూపించి మరీ చెప్పేది. ఆ పేరు మోసినోడికే తెలుస్తుంది దాని బరువు.

తిరిగొచ్చి చెప్తే మా అమ్మ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది. "చూడనని చెప్పు. మీ నాయన్ని పోగొట్టుకున్నా, నిన్ను పోగొట్టుకోలేను." చెప్పినాను. నేను పోతే పోతాను, రేపు నా బిడ్డను ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే? ఇరవై ఏడు రోజులే గదా, ఎంతలో పోతాయి అనుకున్నాను.

మొదట్లో అది మాకు ఆట మాదిరే ఉండింది, నిజం చెప్పాలంటే. వేణ్ణీళ్ళ బిందె తలుపు ముందర పెట్టి, రెండడుగులు వెనక్కేసి గోడ వైపు తిరిగి నిలబడేవాణ్ణి. నా భార్య తలుపు ఓరగా తీసి బిందె లోపలికి లాక్కునేది. "ఏమయ్యోయ్, నీ కూతురు నిన్ను తిడతా ఉంది, వినపడతా ఉందా?" అనేది. "ముక్కు ఎవరిది, నీదా నాదా?" అని అడిగేవాణ్ణి. "చెప్పను పో. ఇరవై ఏడో రోజు వచ్చి నువ్వే చూసుకో." ఎంత బతిమలాడినా చెప్పలేదు. పైగా మా అమ్మను కూడా చెప్పనియ్యలేదు. మా అమ్మా నవ్వేది, ఆయాసంలోనే.

నాకు తెలిసిందల్లా దాని గొంతు. ఆకలేస్తే ఒక తీరు, తడిస్తే ఒక తీరు. రెండో వారానికల్లా గేటు మీద నిలబడి ఏ ఏడుపో చెప్పేవాణ్ణి. మంత్రసాని పదకొండో రోజు పోయినాక పొత్తిగుడ్డలు ఉతికే పని నాకు పడింది. కాలవ నీళ్ళు ఉప్పు, గుడ్డ బిరుసెక్కి పసిదాని ఒళ్ళు ఒరుసుకుపోతుందని, అర మైలు అవతల మంచినీళ్ళ బావి కాడికి పోయి ఉతికేవాణ్ణి. గంజి కాచి అమ్మకు తాగించడం, పత్యం వండి గడపలో పెట్టడం, గుడ్డలు ఆరెయ్యడం. ఇంతలో బూర. గేటు తీసి వచ్చేసరికి గంజి పొంగిపోయి పొయ్యి ఆరిపోయేది. పొయ్యి మీద అరిచేవాణ్ణి, ఇంకెవరి మీద అరుస్తాను? మా అమ్మ మీద అరవలేను, బాలింత మీద అరవలేను. ఆరిన గుడ్డలు మడతపెట్టేటప్పుడు ఎవరూ చూడకుండా వాసన చూసేవాణ్ణి. పాలవాసన, ఆముదం వాసన. అంతే నాకు దక్కింది.

ఒళ్ళు మండేది ఎక్కడంటే, పడవల్లో ఆడమనుషుల కాడ. పడవోళ్ళకు ఇల్లూ వాకిలీ అన్నీ పడవే, పెళ్ళాంబిడ్డలు అందులోనే. లాకులో నీళ్ళు సమమయ్యేదాకా వాళ్ళకు పనేముంది? దిగి నేరుగా మా ఇంట్లోకి పోయేవాళ్ళు. పాపను ఎత్తుకుని, ముద్దుపెట్టుకుని, బయటికొచ్చి నాతో, "బంగారు బొమ్మ అన్నా, దిష్టి తియ్యండి" అనేవాళ్ళు. బంగారు బొమ్మంట! అందరికీ అందరి బిడ్డలూ బంగారు బొమ్మలే. కాలవ మీద పోయే ప్రతి ఆడమనిషీ నా బిడ్డ మొహం చూసింది. చూడనిది నేనొక్కణ్ణే.

ఇరవై రెండో రోజున ముసురు పట్టింది. గోడలు చెమ్మగిల్లి, పొత్తిగుడ్డలు ఆరక, పొయ్యి మీద వెచ్చబెట్టి ఇచ్చేవాణ్ణి. ఇరవై మూడో రోజుకు ఏడుపు మారింది. ఆకలి ఏడుపు కాదు, తడిసిన ఏడుపు కాదు, సన్నంగా మూలిగినట్టు. ఇరవై నాలుగో రోజు పొద్దున ఆ మూలుగు కూడా లేదు. నా భార్య తలుపు కాడికొచ్చి, "ఊపిరాడక పక్కలెగరేస్తా ఉంది. పాలు పట్టడం లేదు. నెల్లూరు తీసుకుపోవాల" అన్నది. ఆ గొంతులో ఆట లేదు.

నెల్లూరు పోవాలంటే పడవలో మైపాడు, అక్కడ పొద్దెక్కినాక బస్సు. అప్పటికే పోటు మొదలైంది, లాకుకు ఇవతల ఆరు పడవలు కట్టేసి ఉన్నాయి. లాకు వదిలి నేను పోతే ఉద్యోగం పోతుంది. అది పోతే పోయేది, నిజంగా. కానీ ఆ రోజే మా అమ్మకు ఆయాసం ఎగదన్ని, పెదాలు నల్లబడి ఉండినాయి. ఆమెను ఒంటిగా వదల్లేను. అన్నిటికంటే ముందు, నేను పోతే బిడ్డను ఎత్తుకోవాల, మొహం చూడాల. ముందున్న పడవామె, పెద్ద మనిషి, "నేను పోతాను తోడు, నువ్వు గేటు తియ్యన్నా" అన్నది. నేను గోడ వైపు తిరిగి నిలబడితే, బాలింత నా వెనకగా బిడ్డనెత్తుకుని పడవ కాడికి నడిచిపోయింది.

పడవ తొట్టిలోకి వచ్చింది. వెనక గేటు మూసినాను. షట్టరు తిప్పినాను. పావుగంట. ఆ పావుగంటే నా బతుకంతా.

పైన గేటు మీద నేను. కింద పడవలో, వంటకట్టెల మోపు పక్కన నా భార్య. ఒళ్ళో బిడ్డ. నిలువెత్తు దూరం కూడా లేదు. ముసురు విడిచి ఎండ వచ్చింది, తెల్లటి ఎండ. నీళ్ళు నిండే కొద్దీ పడవ పైకి వస్తా ఉంది, నా దగ్గరకి వస్తా ఉంది. నా భార్య అన్నది: "ఇట్టా చూడయ్యా. గుడ్డ తీసినాను. ఒక్కసారి చూడు. నాకెందుకో భయంగా ఉంది."

ఇంటి గుమ్మంలోంచి మా అమ్మ. ఎట్టా పాక్కుంటా వచ్చిందో. "ఒరే, నా నెత్తిన చెయ్యి పెట్టినావురా. మూడు రోజులు. మూడంటే మూడు రోజులురా నాయనా."

నేను తలతిప్పి గేటు చెక్క వైపు చూస్తా నిలబడినాను. తారు పూసిన చెక్క, నాలుగు ఇనప మేకులు. నా భార్య మళ్ళీ అన్నది, "చూడయ్యా." నేను తిరగలేదు. అమ్మ మాట కోసమని చానా ఏళ్ళు అందరికీ చెప్పినాను. బిడ్డకు ఆ పాడుపేరు రాకూడదని నాకు నేను చెప్పుకున్నాను. రెండూ నిజమే. కానీ ఆ నిమిషంలో నేను భయపడినాను. చచ్చిపోతానని భయపడినాను. మా నాయన మాదిరి నెల తిరక్కుండా పోతానని. ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు, ఇన్నేళ్ళకు ఇక్కడ రాస్తా ఉన్నాను.

నీళ్ళు సమమైనాయి. గేటు తీసినాను. పడవ నా కాళ్ళ కిందుగా వెళ్ళిపోయింది. నెల్లూరులో సూదిమందు వేస్తారు, మూడో రోజుకల్లా వచ్చేస్తారు, అప్పుడు కళ్ళారా చూసుకుంటాను అనుకుంటా రెండో పడవను లోపలికి పిలిచినాను.

మర్నాడు మధ్యాహ్నం నా భార్య అదే పడవలో వచ్చింది, ఉత్త చేతులతో. బస్సులోనే, నెల్లూరు ఇంకా రాకముందే పోయిందంట. కండక్టరు బస్సు ఆపించి, ఇంకో ఇద్దరు మనుషుల్ని తోడు తీసుకుని పెన్న ఇసకలో గుంట తవ్వినాడంట. ఆ కండక్టరు చూసినాడు. ఆ ఇద్దరూ చూసినారు. ఇదంతా పడవామె చెప్పింది. నా భార్య నన్ను దాటుకుని లోపలికి పోయింది.

మా అమ్మ రొమ్ము బాదుకుని ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు, మనవరాలంటే ప్రాణం ఆమెకు. ఏడ్చి ఏడ్చి, ఊపిరి తీసుకుని, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి అన్నది: "నా కొడుకు మిగిలినాడు. అంతే చాలు సామీ." లోపలి గది తలుపు తీసే ఉంది. నా భార్య విన్నది.

ఆ సాయంత్రమే లేచి గంజి కాచి మా అమ్మకు తాగించింది. ఆ రోజు మొదలు నాలుగు నెలలు, మా అమ్మ పోయేదాకా, ఒళ్ళు తుడిచింది, బట్టలు మార్చింది, గిన్నె పట్టింది. మాట మాత్రం మాట్లాడలేదు. మా అమ్మ "అమ్మీ, అమ్మీ" అని పిలిచేది. ఆమె వచ్చి పని చేసిపోయేది.

ఇరవై ఏడో రోజు పొద్దున్నే పంతులు గారు గట్టు మీద నడుచుకుంటా వచ్చినారు, సంచీలో దర్భలు, సమిధలు పెట్టుకుని. ఆయనకు చెప్పాలని మాకెవరికీ తోచలేదు. ఎదురు పోయి, "పంతులు గారూ, ఇంక పని లేదు" అన్నాను. ఆయనకు అర్థమైంది. అక్కడే గట్టు మీద కూలబడినారు. "పుస్తకంలో ఉన్నది చెప్పినాను నాయనా" అన్నారు. కోపమొచ్చింది, నెట్టేద్దామన్నంత కోపం. ముసలాయన కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకున్నాను. నెట్టాల్సిన మనిషి ఆయన కాదు గదా.

మా మధ్య దాని ముచ్చట మళ్ళీ రాలేదు. ముక్కు ఎవరిదని అడగడానికి నాకు నోరు లేదు, చెప్పడానికి ఆమెకు మనసు లేదు. ఒకసారి అడగబోయినాను, అన్నం తింటా. "అది..." అన్నాను. ఆమె లేచి నీళ్ళకు పోయింది.

రెండేళ్ళకు రెండో ఆడపిల్ల, ఆ గదిలోనే. నక్షత్రం ఏందని ఎవర్నీ అడగలేదు. కేక వినపడగానే తడి చేతులతో, బురద కాళ్ళతో లోపలికి పోయినాను. మంత్రసాని వద్దన్నా బిడ్డను చేతుల్లోకి తీసుకుని, దీపం దగ్గరకి జరిగి, మొహంలో మొహం పెట్టి చూసినాను. చూస్తానే ఉన్నాను. ఏడ్చినానో నవ్వినానో నాకు తెలీదు. మంచం మీద నుంచి నా భార్య నన్నే చూస్తా ఉంది.

"ఇది దాని మాదిరి లేదు" అని, గోడ వైపు తిరిగి పడుకుంది.

నా పెద్దకూతురు మొహం గురించి నాకు తెలిసింది అంతే. రెండో దాని మాదిరి ఉండేది కాదు.