ఎవరో యాది చేస్తున్నరు

మారేడ్‌పల్లిలో మా ఇంటి వరండాలో, సాయంత్రం పూట, ఏడాది నిండిన మా బాబు మా అత్తమ్మ ఒళ్ళో కూర్చుని ద్రాక్షపళ్ళు తింటున్నాడు. పళ్ళు కోసి పెట్టమని ఎంత మొత్తుకున్నా ఆవిడ వినదు, గుండ్రంగా ఉన్నదాన్ని ఉన్నట్టే నోట్లో పెడుతుంది. ఉన్నట్టుండి వాడి కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏంగాదు బిడ్డా, పొలమారింది. ఎవరో యాది చేస్తున్నరు," అని నవ్వుతూ ఆవిడ వాడి మాడు మీద తట్టింది.

పొలమారితే దగ్గు రావాలి కదా! వాడు దగ్గడం లేదు, ఏడవడం లేదు. నోరు తెరిచే ఉంది గానీ చప్పుడు లేదు. పెదవులు నీలంగా మారుతున్నాయి.

"తల కాదత్తమ్మా, వీపు!" అని అరిచి వాణ్ణి లాక్కున్నాను. తొడ మీద బోర్లా వేసి, తల కిందికి వంచి, భుజాల మధ్య అరచేత్తో గట్టిగా చరిచాను. మళ్ళీ మళ్ళీ చరిచాను. పండు బయటపడి గచ్చు మీద దొర్లింది. అప్పుడు ఇల్లు అదిరేలా ఏడ్చాడు.

ఇప్పుడు అత్తమ్మే ప్రతి పండునూ నిలువునా నాలుగు ముక్కలు చేసి పెడుతోంది. నాకు మాత్రం భయం పోలేదు. ఆ సాయంత్రం నా కొడుకును తలుచుకున్నది ఎవరో అనుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.