రిజిస్టరులో రాయని ముద్ద

పక్కింటివాళ్ళు ఆదివారం పొద్దున వెన్న కాచుతారు. ఆ వాసన కంచె దాటి వంటింట్లోకి రాగానే కిటికీ మూసేస్తాను. 2022 అక్టోబరు 11, మంగళవారం, ఉదయం ఆరూ ఇరవైకి నా కుక్క బెల్లం మొదటిసారి పసరు కక్కింది. ఆ రోజు నుంచి జరిగినదంతా తేదీలతో సహా నా దగ్గర ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు కెనడాలోని హామిల్టన్‌లో ఒక ఆస్పత్రి మందుల స్టోరులో రిజిస్టర్లు రాసి, రిటైరయ్యాక బ్రాంప్టన్ చేరినదాన్ని. బెల్లానికి అప్పటికి ఎనిమిదేళ్ళు, అందులో ఆరేళ్ళు మూర్ఛరోగమే. రెండు పూటలా ఆరుంబావుకి మాత్ర పడాలి. వంటింటి గోడకు వేలాడే రిజిస్టరులో ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

ఆ సెప్టెంబరులో మా బేస్‌మెంట్‌లోకి స్రవంతి అద్దెకు దిగింది. వరంగల్ వైపు పిల్ల. అక్కడ పశువైద్యం చదివి, రెండేళ్ళు పల్లెల్లో పశువులకు చూసి, ఇక్కడ ఏదో డిప్లొమాలో చేరి, వేర్‌హౌస్‌లో పెట్టెలకు టేపు వేసేది. ఆ ఏడు మా వీధిలో ప్రతి బేస్‌మెంటూ ఇలాంటి చదువుకున్న పిల్లలతో నిండిపోయింది. వాళ్ళకేం తెలుసో మేమెవరమూ అడగలేదు. బెల్లం వాంతి చేసుకున్న రోజు ఆమె నేలమీద కూర్చుని దాని పొట్ట మెల్లగా తడిమింది.

"క్లోమం వాచినట్టుంది ఆంటీ. నెయ్యి, నూనె ఏమన్న పెడ్తున్నరా?"

"అన్నీ రిజిస్టరులో ఉన్నాయి, చూసుకో. అయినా ఇది గేదె పొట్ట కాదు డాక్టరమ్మా."

ఆమె నవ్వింది. "గేదె పొట్టయినా, కుక్క పొట్టయినా అబద్ధం చెప్పదు ఆంటీ. మనుషులే చెప్తరు."

రెండు రోజుల తర్వాత క్లినిక్‌లో డాక్టరు కూడా క్లోమం వాపే అంది. ఇంట్లో వండినవేమైనా పెడుతున్నారా అని అడిగితే, లేదని గట్టిగా చెప్పి రిజిస్టరు ముందు పెట్టాను. ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదని ఆమె మెచ్చుకుంది. ఆ మెప్పు ఇంటికి మోసుకొచ్చి స్రవంతికి రెండుసార్లు చెప్పాను. కొవ్వు లేని డబ్బా తిండి మొదలుపెట్టాం. వారం బాగుండేది, మళ్ళీ వీపు విల్లులా వంచి మూలిగేది. ఎందుకు తగ్గడం లేదో డాక్టరుకు అంతుపట్టలేదు.

జనవరి 23, సోమవారం, స్రవంతి ఉప్పు అప్పు అడగడానికి పైకొచ్చింది. నేను మాత్ర సిద్ధం చేస్తున్నాను.

"మాత్ర చుట్టూ అదేంది ఆంటీ?"

"నెయ్యన్నం. మందు చేదు కదా. అనుపానం లేకుండా ఎలా మింగుతుంది?"

మా ఇంట్లో ఏ మందైనా తేనెలోనో నేతిలోనో రంగరించి ఇచ్చేవారు. దాన్ని ఎవరూ తిండి అనరు, అది మందులో భాగం. అందుకే నేను ఎన్నడూ రాయలేదు. స్రవంతి రిజిస్టరు తీసి పేజీలు తిప్పింది. లెక్క నేనే వేశాను. మొదటి వాంతి నుంచి ముందురోజు సాయంత్రం దాకా నూటనాలుగు రోజులు, రెండువందల ఎనిమిది ముద్దలు.

ఆ పూట నుంచి నెయ్యి మానేశాను. అప్పటికే ఆలస్యమైంది. ఫిబ్రవరి 2, గురువారం, మధ్యాహ్నం మూడూ నలభైకి, ఇక నొప్పి భరించలేదని డాక్టరు చివరి సూది వేసింది. స్రవంతి షిఫ్టు మానుకుని వచ్చి, సూదికి కదలకుండా దాని ముందుకాలు పట్టుకుంది. ఎంత నేర్పుగా పట్టుకుందో అప్పుడు చూశాను. "మీరు చేయవలసిందంతా చేశారు, మీ పుస్తకమే సాక్ష్యం," అంది డాక్టరు నాతో. స్రవంతి నా వైపు చూసింది. నేను థాంక్యూ అన్నాను.

కారులో అడిగింది, "ఎందుకు చెప్పలే ఆంటీ?"

"చెబితే బతికొస్తుందా?"

"రాదు. ఇంకో కుక్కకు పనికొస్తుండె. మనోళ్ళ ఇండ్లల్ల ఎన్ని కుక్కలున్నయి!"

నెలాఖరుకు ఖాళీ చేసింది. ఇల్లు దొరికిందా అంటే, వెతుకుతున్నానంది. "మీ మీద కోపం లేదు ఆంటీ. మీ రిజిస్టరు చూస్తే భయమైతుంది." సూట్‌కేసు తానే మోసుకుంటూ మెట్లెక్కింది. నేను తలుపు పట్టుకున్నాను.

ఇప్పుడెవరు ఏమడిగినా నా నోట జవాబు వెంటనే రాదు. చూస్తూ చూస్తూ కూడా నేను లెక్కలోకి తీసుకోనిది ఏమైనా ఉందా అని ముందు వెతుక్కుంటాను. ఈ అలవాటు ఆ పిల్ల పెట్టింది. గేదెల డాక్టరని వెక్కిరించినందుకు క్షమించమని ఆమెను అడగలేదు. ఆ క్లినిక్‌కు మళ్ళీ వెళ్ళి నిజం చెప్పనూ లేదు.

పోయినవి ఇవి: ఎనిమిదేళ్ళ కుక్క ఒకటి. అది నొప్పి లేకుండా బతకాల్సిన నూటనాలుగు రోజులు. మొదటి రోజే రోగాన్ని పసిగట్టిన వైద్యురాలు ఒకరు. నిజం చెప్పడానికి దొరికిన అవకాశం ఒకటి.