క్వార్టర్‌బ్యాక్ పరుగుకు నలభై వాక్యాలు

బెంగళూరులోని ఒక చిన్న ఆటల కంపెనీకి నేను ఇంటి నుంచే తెలుగు రాసిపెడుతుంటాను. కిందటేడు వాళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఒకటి పంపారు. ఫోన్‌లో ఆడేది, కానీ బొమ్మలుండవు. ఏ ఎత్తు వేయాలో మనం చెబితే, మైదానంలో ఏం జరిగిందో తెర మీద వాక్యంగా వస్తుంది. ఆ వాక్యాలే నా పని.

క్వార్టర్‌బ్యాక్ దగ్గర ఆగిపోయాను. జట్టులో బంతి అందుకుని ముందున్నవాడికి విసరాల్సినవాడు అతనే. ఒక్కోసారి విసరకుండా తానే పట్టుకుని పరుగెడతాడు. ఆ పరుగుకు నలభై వాక్యాలు కావాలి, ఒకదానిలా ఒకటి ఉండకూడదు. ‘పరుగెత్తాడు, నాలుగు గజాలు’, ‘వేగంగా పరుగెత్తాడు, ఐదు గజాలు’ అని రాశాక నా తెలుగు అయిపోయింది.

మా మామగారు బళ్లారి బజారులో ముప్పై ఏళ్లు జీన్స్ ప్యాంట్లు అమ్మినవారు. తాను మాత్రం పంచె తప్ప కట్టరు. కొట్టు మా బావగారికి అప్పగించాక ఆయనకు పొద్దుపోవడం లేదు.

"ఏందమ్మా, పొద్దున్నుంచి పరుగెత్తాడు పరుగెత్తాడు అంటాండావు? ఎవురు?"

చెప్పాను.

"ఇసిరేటోడు ఇసరకుండా పరిగెత్తేదేంది?"

"అందుకోడానికి ఎవురూ ఖాళీ లేకుంటే, మామా. మీదికి మనుషులు వస్తాంటే."

"అట్లయితే అది పరిగెత్తేది కాదు, తప్పించుకునేది. రెండూ యాడన్నా ఒకటవుతాయా?"

సాయంత్రం ఎండ తగ్గాక నన్ను మేడ మీదికి పిలిచారు. చేతిలో పీచు తీయని కొబ్బరికాయ. ఆకారం అచ్చం ఆ బంతే. నన్ను నీళ్ల ట్యాంకు పక్కన నిలబెట్టి, విసరడానికి చెయ్యెత్తారు. అంతలో అత్తమ్మ మెట్లెక్కి వచ్చారు.

"కాయ ఈడుండాదా! పచ్చట్లోకని ఇల్లంతా వెతుకుతాండా."

"పట్టుకో సూద్దాం," అన్నారు మామగారు.

అత్తమ్మ నిజంగానే మీదికి వచ్చారు. ఆయన విసరబోయి ఆగారు. ఎడమకు పోతున్నట్టు భుజం వంచి కుడికి తిరిగారు. ఒక చేత్తో కాయను పొట్టకు అదుముకుని, ఇంకో చేత్తో పంచె ఎగదోపి, ఎండబెట్టిన మిరపకాయల పక్కనుంచి మునివేళ్ల మీద దూరిపోయారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి! పిట్టగోడ దగ్గర అత్తమ్మ దారి మూసేశారు. ఢీకొనడం క్షేమం కాదని తోచిందేమో, మామగారు ఉన్నచోటే చతికిలబడ్డారు.

"ఇదేందండీ, కూర్చుంటిరి?"

"కూర్చున్నోణ్ని తాకగూడదు," అన్నారాయన రొప్పుతూ. నా వైపు తిరిగి, "ఏమ్మా, ఆటలో అట్లా ఉండాదా?" అని అడిగారు.

ఉంది. క్వార్టర్‌బ్యాక్ తనంతట తానే కాళ్లు చాచి నేల మీద జారితే ఇక అతణ్ని ఎవరూ కొట్టకూడదు. నేనింకా ఆయనకు చెప్పనే లేదు. అత్తమ్మ మాత్రం ఆ నియమం ఒప్పుకోలేదు. కాయ లాక్కుని దిగిపోయారు.

చీకటి పడేలోగా ఇరవై వాక్యాలు రాశాను. ‘ఎడమ భుజం చూపి కుడికి దూరాడు.’ ‘ఎదురుగా గోడలా మనిషి! బుద్ధిగా చతికిలబడ్డాడు, ఆరు గజాలు.’ మిగతావి మామగారే చెప్పారు. కంపెనీ అతను ఒక్కదానికే అడ్డుచెప్పాడు. "మేడమ్, ‘పంచె ఎగదోపి’ వద్దు. వాళ్లు ప్యాంట్లు వేసుకుంటారు."

"జీన్సా?" అని అడిగారు పక్కనే ఉన్న మామగారు, ఆశగా.

ఆట వచ్చాక ఆయన ఫోన్ వదల్లేదు. ఒక్కసారీ బంతి విసిరించేవారు కాదు, అన్నీ పరుగులే. ఒక మధ్యాహ్నం ముఖం వేలాడేసుకుని వచ్చి తెర చూపించారు. ‘క్వార్టర్‌బ్యాక్ లేవలేదు. మోకాలికి గాయం.’ అది రాసిందీ నేనే.

"వాణ్ని ఊరికే పరిగెత్తిస్తినమ్మా," అన్నారు.

మూడు రోజులు ఆట ముట్టలేదు. నాలుగో రోజు వాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి, కొత్తవాడితో మొదటిసారి బంతి విసిరించారు. అది తిన్నగా పోయి అవతలి జట్టువాడి చేతుల్లో పడింది.